అలకపాన్పు మీద ఒక గడియ

నడిమధ్యాహ్నం. స్ఫటికగిరి కోట బురుజు మీద భేరి మూడుసార్లు మోగింది. కొలువుకూటంలో వాదించుకుంటున్న మంత్రులు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఆగిపోయారు. పొరుగు దేశపు రాయబారి సగం చదివిన లేఖను మళ్ళీ చుట్టేశాడు. ద్వారం దగ్గర వైతాళికుడు గొంతు సవరించుకున్నాడు.

"తరళాదేవి మహారాణివారు ఈ పూట మామిడికాయ పప్పులో ఉప్పు తగ్గినందుకు అలిగారు! ఒక గడియ సేపు అలకమందిరంలో ఉంటారు! ఎవరూ పిలవకూడదు, వెతకకూడదు, బతిమాలకూడదు!"

ఆడవాళ్ళ అలకల గురించి తమకు తెలియనిదేముందన్నట్టు మంత్రులు తలలూపి, కండువాలు పరుచుకుని నడుం వాల్చారు. నిన్న పూలదండలో కనకాంబరాలు ఎక్కువైనందుకు అలిగింది. మొన్న వాన రానందుకు అలిగింది. అటు మొన్న వాన వచ్చినందుకు అలిగింది. వీళ్ళకు అనుమానం రాలేదు సరికదా, మహారాణి ఎంత పెంకిదో ఇళ్ళకు వెళ్ళి భార్యలకు చెప్పుకుని మురిసిపోయేవారు.

ఇక ఆ అలకమందిరం సంగతి. తామరకొలను నడుమ చంద్రకాంత శిలల మెట్లు, మెట్లపైన ముత్యాల తెరలు, తెరల వెనుక పగడపు కోళ్ళ మీద దంతపు పట్టెలు బిగించిన పాన్పు. పాన్పు మీద హంసతూలికా తల్పం, రెండువైపులా ఆనుకోవడానికి పట్టు బాలీసులు. గాలి వీస్తే కలువల వాసన, వీయకపోతే మొగలిరేకుల వాసన. ఇంత వైభవం మధ్య మహారాణి తరళాదేవి కిరీటాన్ని మంచం కోడుకు తగిలించి, కొప్పు విప్పుకుని, బాసింపట్టు వేసి కూర్చుని జామకాయ కొరుకుతోంది. అలక ఆనవాలు ఆమె ముఖంలో మందుకైనా లేదు.

ఎదురుగా నేల మీద దండనాయకి సోమక్క కవచం విప్పి కాళ్ళు బారచాపింది. గజశాలాధికారిణి మాచమ్మ అరవై ఏళ్ళ భారీ మనిషి. ఆమె మహామంత్రి వాచస్పతిలా పొట్ట ముందుకు తోసి, లేని గడ్డం దువ్వుకుంటూ నడుస్తోంది. "మహారాణీ! శాస్త్రమేమనగా... శాస్త్రమేమనగా... ఏందో మర్చిపోయా!"

ముగ్గురూ పడిపడి నవ్వారు. నవ్వులయ్యాక అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరి నెత్తిన ఏ బరువుందో వాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. సలహా చెబితే మాత్రం చెవి మెలిపెడతారు. సలహాలు చెప్పడానికి బయట పద్దెనిమిది మంది మంత్రులున్నారు కదా!

ఈ అలకకు మూలం గజశాల. తరళాదేవి పట్టానికి వచ్చిన కొత్తల్లో అన్నం ముందు కూర్చుని విన్నపాలు వినేది, జడ వేయించుకుంటూ తీర్పులు చెప్పేది. మూడో నెలలో ఒకనాడు వేటకు కాదు, వరద చూడటానికి ఏనుగు కావాలని గజశాలకు పరుగెత్తింది. మాచమ్మ కుదరదంది.

"అంబారీ దించిన ఏళ తల్లీ ఇది. రోజుకో గడియ దించకపోతే వీపు పుండవుద్ది. పుండైన ఏనుగు ముందు మావటిని తొక్కుద్ది. రాజుగారొచ్చినా ఇంతే, రాణిగారొచ్చినా ఇంతే."

తరళాదేవి అక్కడే గడ్డిమోపు మీద కూలబడి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో ఆమెకే తెలియలేదు. మాచమ్మ ఏమీ అడగకుండా ఏనుగు చెరుకుగడల్లోంచి ఒకటి విరిచి ఆమె చేతిలో పెట్టింది.

రోజుకో గడియ తానూ అంబారీ దించాలని మహారాణి ఆనాడే నిశ్చయించుకుంది. కానీ కొలువులో ఏమని చెప్పాలి? తాతగారు నెల రోజులు జలక్రీడలాడితే వైభవమన్నారు. నాన్నగారు నలభై రోజులు వేటకు వెళితే పరాక్రమమన్నారు. తాను ఒక్క గడియ నడుం వాలిస్తే "ఆడమనిషి, అలసిపోయింది, మేం ముందే అనుకున్నాం" అంటారు. అందుకే అలక. ఆడది అలిగితే ఎందుకని అడిగే ధైర్యం ఏ పండితుడికీ ఉండదు.

అన్నీ సవ్యంగా సాగుతున్న సమయంలో ధూమముఖుడు ఊడిపడ్డాడు.

ధూమముఖుడు మాంత్రికుడు. కానీ కొలువులో అందరికీ అతను ప్రసన్నగుప్తుడు, విన్నపాల అధికారి. వెన్న రాసినట్టుండే ముఖం, వంచిన నడుం, చంకలో తాళపత్రాల కట్ట. అంగీ లోపల ఒక నల్లటి సొరబుర్ర ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్ళు నిట్టూరిస్తే ఆ నిట్టూర్పును బుర్ర చప్పున మింగేస్తుంది. మింగిన కొద్దీ నిట్టూర్చిన మనిషి కాళ్ళ నుంచి పైకి రాయి అవుతూ వస్తుంది. వెయ్యో నిట్టూర్పుతో నిలువునా శిల!

పాపం, ఆరు నెలలు కాపు కాసినా బుర్రలో అరవై మూడు నిట్టూర్పులే పడ్డాయి. అదంతా ఆ అలక పుణ్యమేనని గ్రహించి, ధూమముఖుడు ఒకనాడు నిండు కొలువులో లేచాడు.

"మహారాణీ, చిత్తగించండి. పొరుగు రాజులు నవ్వుతున్నారు. స్ఫటికగిరిని రాణి ఏలుతోందా, రాణిగారి అలక ఏలుతోందా అని లేఖలు రాశారు."

లేఖలన్నీ అతను రాసినవే. మహామంత్రి వాచస్పతి నిజమనుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "తల్లీ, మీ నాన్నగారు ఏనాడూ అలగలేదు. నెల రోజులు అలక మానండి. లోకం నోరు మూయిద్దాం."

తరళాదేవికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నెల రోజులేం ఖర్మ, భేరిని కిందికి దింపేయండి!" అనేసింది. కొలువు వాకిట్లో నిలబడ్డ మాచమ్మ వద్దన్నట్టు తల తిప్పడం ఆమె చూడలేదు.

భేరి దిగింది, విన్నపాలు ఎక్కాయి. రోజుకు ఇరవై వచ్చేవి ఎనభై అయ్యాయి. ఒక ఊళ్ళో బావి ఎవరిదని తగవు, ఇంకో ఊళ్ళో నెమలి ఎవరి పెరట్లో ఆడాలని తగవు. తరళాదేవి తింటూ విన్నది, నడుస్తూ విన్నది. మధ్యమధ్య ఒక తీర్పు చెప్పాక, ఎవరూ చూడటం లేదనుకుని, చిన్నగా నిట్టూర్చేది. సొరబుర్ర చూస్తూనే ఉంది.

పదో రోజుకు పాదాలు రాళ్ళయ్యాయి. ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు ఇంకాస్త కిందికి దించింది. నడుస్తుంటే చలువరాతి నేల మీద టకటకమని చప్పుడు. అంతఃపుర స్త్రీలు అది కొత్తరకం పాదుకల చప్పుడనుకుని, శిల్పుల చేత రాతిచెప్పులు చెక్కించుకుని, కాళ్ళు బొబ్బలెక్కి కుంటుతూ తిరిగారు. సోమక్క రోజూ అడిగేది. "అమ్మగారూ, ఏమైంది?"

"ఏమీ లేదు సోమక్కా."

మోకాళ్ళు రాళ్ళయినా ఏమీ లేదు. తొడలు రాళ్ళయినా ఏమీ లేదు. మాట పైకి అంటే సింహాసనం మీద కూర్చోవడానికి పనికిరానంటారని ఆమె భయం. ఆ భయం కూడా లోపలే దాచుకుంది.

ఇరవై తొమ్మిదో రోజున ఒక విన్నపం మాచమ్మ చెవిన పడింది. వెదురుపాడులో రాణిగారి ఏనుగులు చెరుకుతోట తొక్కాయట. మాచమ్మ భగ్గుమంది. "నా ఏనుగుల మీద నిందా? ఈ రాజ్యంలో ఏనుగు నడిచే ప్రతి దోవా నాకు తెలుసు. వెదురుపాడనే ఊరే లేదు!"

సోమక్క ఆ పూటే కరివేపాకు గంప నెత్తినెట్టుకుని, బోసినోటి ముసలమ్మ వేషంలో విన్నపాల అధికారి ఇంట్లో దూరింది. వంటింటి దోవన వెళ్ళి తలుపు సందులోంచి చూస్తే ఏముంది! ప్రసన్నగుప్తుడు నేల మీద కూర్చుని చకచకా తాళపత్రాలు గీకుతున్నాడు. వేళ్ళు వాచిపోయాయి, కళ్ళు గుంటలు పడ్డాయి. పక్కన నల్లటి సొరబుర్ర. ఎదురుగా రాగి పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో ఒక భయంకరమైన గడ్డపు ముఖం.

"ఇంకా ఎన్నిరా?" అని గర్జించింది ఆ ముఖం.

"గురుదేవా, కాలశంబరా! తొమ్మిది వందల తొంభై తొమ్మిది పడ్డాయి. ఒక్కటే బాకీ! అది పడిన క్షణమే రాణి శిల, రాజ్యం మీది."

"త్వరగా కానీ, సోమరీ! ధూమ్రగిరి గుహలో ముప్పై ఏడుగురు రాణుల్ని మెట్ల మీద బొమ్మల కొలువులా పేర్చాను. ముప్పై ఎనిమిదో చోటు ఖాళీగా ఉండి కళ తప్పింది."

"ఎప్పుడూ రాణులేనా గురుదేవా? రాజులైతే..."

"రాజులు నిట్టూర్చరు మూర్ఖుడా, అరుస్తారు! వాళ్ళ వల్ల బుర్ర నిండదు."

సోమక్క నెత్తి మీది గంప జారి దబ్బున పడింది. ధూమముఖుడు తిరిగి చూశాడు. "దండనాయకీ!" అని అరిచి తాళపత్రాలను గాల్లోకి విసిరాడు. అరవై పత్రాలూ అరవై గద్దలై గోళ్ళు చాపుకుని మీదికొచ్చాయి. సోమక్క వంటింట్లో అట్లకాడ దొరకబుచ్చుకుని నాలుగింటిని కొట్టి, మేడ ఎక్కి, పక్కింటి మేడ మీదికి దూకి, అక్కడ ఆరేసిన చీరలో చిక్కుకుని, చీరతో సహా వీధిలోకి దూకింది. వీధిలో మాచమ్మ చిలకమ్మ అనే ఏనుగుతో కాచుకుని ఉంది. చిలకమ్మ తొండంతో సోమక్కను అందుకుని, గద్దల మీద ఒక కాలవంత బురదనీళ్ళు చిమ్మింది. తడిసిన గద్దలు తాళపత్రాలై నేల రాలాయి.

"కొలువుకే పోనీ అక్కా!" అంది సోమక్క రొప్పుతూ. "వాడు బుర్రతో ముందే చేరి, అమ్మగారు నిట్టూరిస్తే కొంప మునిగినట్టే!"

కొలువులో తరళాదేవి సింహాసనం మీద కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అనడం కంటే నిలబడలేక ఉంది అనాలి. నడుము దాకా రాయి. ఒక గాడిదకు ఇద్దరు యజమానులు, వాళ్ళకు ముగ్గురేసి సాక్షులు. ఆరో సాక్షి మొదటినుంచీ మళ్ళీ చెబుతానన్నాడు. మహారాణి కళ్ళు మూసుకుంది. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. నోరు తెరిచింది.

చీర చుట్టుకున్న ముసలమ్మ ఒకతె కొలువు నడుమ నుంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో మహారాణి నోరు నొక్కేసింది.

"ద్రోహం! ద్రోహం!" అని మంత్రులు లేచారు.

"ద్రోహమూ లేదు గీహమూ లేదు!" అని సోమక్క తెల్లజుట్టు పీకి అవతల పారేసింది. "అమ్మగారు అలిగారు! భేరి కొట్టండి!"

మహామంత్రి చేతులు అడ్డంపెట్టాడు. "నెల ఇంకా నిండలేదు! రేపటి దాకా అలగరాదు!"

"అలగొద్దన్నందుకే అలిగారు!"

దీనికి శాస్త్రంలో సమాధానం లేదు. వైతాళికుడు అదే మాట గొంతెత్తి ప్రకటించాడు. చిలకమ్మ గుమ్మం పగలగొట్టుకుని లోపలికొచ్చి, రాతిబరువుతో ఉన్న మహారాణిని తొండంతో ఎత్తుకుని అలకమందిరం వైపు నడిచింది. సోమక్క ఒక భటుడి కత్తి తీసుకుని నడుముకు దోపుకుంది. ఆమె ఆజ్ఞతో భటులు ప్రసన్నగుప్తుడి కోసం కోటంతా గాలించారు. దొరకలేదు. ఎలా దొరుకుతాడు? మగపురుగు అడుగుపెట్టని ఆ మందిరంలోకి అతను అప్పటికే చేరి, మంత్రం జపించి, పట్టు బాలీసుగా మారి, సొరబుర్రను పొట్టలో దాచుకుని అలకపాన్పు మీద పడుకున్నాడు. ఏకాంతంలో మహారాణి ఒక్కసారైనా నిట్టూర్చకపోతుందా అని అతని లెక్క.

తలుపులు మూసుకున్నాయి. మాచమ్మ వచ్చి తన భారీ శరీరాన్ని సరిగ్గా ఆ బాలీసు మీదే మోపింది. బాలీసు కుయ్యిమంది. పాత పాన్పు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

సోమక్క చూసినదంతా చెప్పింది. సొరబుర్ర, కాలశంబరుడు, ముప్పై ఏడుగురు రాణులు. "ఇక నిట్టూర్చమాకండి అమ్మగారూ. నోట్లో మాట నోట్లో ఉంచుకోమాకండి. చెప్పండి, నెత్తిన ఏముందో."

"ఏమీ..." అని ఆగింది తరళాదేవి. "భయంగా ఉంది సోమక్కా. నెల నుంచీ ప్రతి పూటా భయమే. తప్పు తీర్పు చెబుతానేమో, వీళ్ళంతా నవ్వుతారేమో అని. అందరూ వచ్చి నా మీద ఆనుకుంటారు. నేనెవరి మీద ఆనుకోవాలి?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎవరూ సలహా చెప్పలేదు. సోమక్క ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ తరళాదేవి మోకాలు గోక్కుంది. గోక్కుని ఉలిక్కిపడింది. మోకాలికి దురద పుట్టింది! రాయి మోకాళ్ళ కిందికి దిగింది.

"ఇంక నా వంతు," అంది సోమక్క. "సైనికులు నా ముందు దండాలు పెడతారు, నా ఎనక నా నడకను ఎక్కిరిస్తారు. నాకు తెలియదనుకుంటారు. రోజూ కత్తి పట్టే చెయ్యి ఆ మాటకు మాత్రం లేవదు."

"నా మోకాళ్ళు పోయినయ్యి," అంది మాచమ్మ. "ఏనుగెక్కలేకపోతన్నా. ఎవరికీ చెప్పలా. చెబితే గజశాల నుంచి పంపేస్తారని."

చెప్పినవాళ్ళు తేలికపడ్డారు, విన్నవాళ్ళు దగ్గరయ్యారు. ఆ మాటలు వింటుంటే ధూమముఖుడికి తన బతుకు గుర్తొచ్చింది. రోజుకు అరవై విన్నపాలు, అన్నీ స్వదస్తూరీ. లేని ఊళ్ళకు పేర్లు, లేని గాడిదలకు యజమానులు. ఇరవై ఏళ్ళ సేవలో గురువు ఒక్కనాడు "తిన్నావా" అని అడగలేదు. సోమరీ, మూర్ఖుడా, ఇవే పిలుపులు. నీ నెత్తిన ఏముందిరా అని అడిగే దిక్కు లేదు. పైగా ఇప్పుడు నెత్తిన మాచమ్మ.

బాలీసులోంచి దీర్ఘంగా, దయనీయంగా ఒక నిట్టూర్పు వెలువడింది.

సొరబుర్రకు తన వాళ్ళూ పరాయివాళ్ళూ తెలియదు. అది వెయ్యి లెక్కపెట్టుకుని కూర్చుంది, వెయ్యీ పడింది. మాచమ్మ కింద బాలీసు బిర్రబిగుసుకుని బండరాయి అయింది. "ఓలమ్మో, ఇదేంది!" అని ఆమె పక్కకు దొర్లి నేల మీద పడటమూ, బుర్ర ఫెటీలున పగలడమూ ఒక్కసారే జరిగాయి. వెయ్యి నిట్టూర్పులు ఒకే సుడిగాలై లేచాయి. ముత్యాల తెరలు తెగాయి. పైకప్పు మూతలా ఊడి కొలనులో పడింది. అలకపాన్పు మహారాణితో, సోమక్కతో సహా గిర్రున తిరిగి ఆకాశంలోకి లేచింది. రాతి బాలీసు మాత్రం దొర్లి కొలనులో మునిగింది.

మాచమ్మ మోకాళ్ళ సంగతి మరిచి లేచి, చిలకమ్మను కట్టే తాడు విసిరింది. సోమక్క అందుకుని మంచం పట్టెకు కట్టింది. రెండో కొసను చిలకమ్మ తొండంతో పట్టుకుని వెనక్కి లాగింది. పాన్పు గాల్లో ఆగి గింజుకుంది. సుడిగాలి దాన్ని ఉత్తరంగా, పొగలు కక్కే ధూమ్రగిరి వైపు ఈడుస్తోంది. తనను పోగుచేయమన్నవాడి దగ్గరికే అది పోతుంది మరి.

"లాగవే చిలకమ్మా! లాగు! అమ్మగారు దిగొచ్చేస్తారు!" అని కింద మాచమ్మ అరుస్తోంది.

పాన్పు బారెడు బారెడుగా దిగుతోంది. తరళాదేవి తన కాళ్ళవైపు చూసుకుంది. మోకాళ్ళ కింద ఇంకా రాయే. రేపో మాపో ఇదీ కరుగుతుంది. తనకు సోమక్క ఉంది, మాచమ్మ ఉంది.

"సోమక్కా, ఆ ముప్పై ఏడుగురికీ భేరి కొట్టేవాళ్ళు లేకపోయారు కదూ?"

"లేకపోయారు అమ్మగారూ."

"నీ కత్తి ఇలా ఇవ్వు. వాళ్ళ దగ్గరికి మనమే పోదాం."

కొలువులోని మంత్రులంతా కొలను గట్టుకు పరుగెత్తుకొచ్చారు. మహామంత్రి వాచస్పతి చేతులు రెండూ పైకెత్తి ఆకాశం వైపు కేకపెట్టాడు. "మహారాణీ! రేపటి కొలువు? గాడిద తగవు? విన్నపాలు ఎవరు వినాలి?"

"మీరే!" అని పైనుంచి గొంతు వినిపించింది. ఆ గొంతులో నవ్వుంది. "మీరు వినగలరు, తీర్పూ చెప్పగలరు. నాకు ముందే తెలుసు, అప్పగించడానికే మనసొప్పలేదు. రోజుకో గడియ మాత్రం మీరూ అలగండి, మహామంత్రీ!"

కత్తి తళుక్కుమంది. తాడు తెగి కొలనులో పడింది. అలకపాన్పు తెల్లమబ్బు చీల్చుకుని ఉత్తరానికి దూసుకుపోయింది. దాని వెనకే సోమక్క వేసిన పొలికేక చాలాసేపు గాల్లో మిగిలింది.

గట్టు మీద గాడిద యజమానులిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మహామంత్రి ముందుకు వచ్చారు. ఆరో సాక్షి మొదటినుంచీ మళ్ళీ చెబుతానన్నాడు. వాచస్పతి కళ్ళు మూసుకుని, పొట్ట నిండా గాలి పీల్చుకుని, నిట్టూర్చబోయి, చప్పున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.